అట్ట మీద పత్తి, ఒంటికి రబ్బరు: మీ ఆర్గానిక్ బ్రాపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: ‘100 శాతం ఆర్గానిక్ కాటన్’ పేరుతో అమ్మిన బ్రాలో చెప్పకుండా వాడిన రబ్బరు ఎలాస్టిక్, దానివల్ల వచ్చిన అలర్జీ, దానిపై మీ సిబ్బంది ఇచ్చిన జవాబు గురించి.

ఆర్యా,

‘సున్నితమైన చర్మం కోసం, 100 శాతం ఆర్గానిక్ కాటన్’ అని మీరు అమ్ముతున్న వైరు లేని బ్రా కొన్నాను. వేసుకున్న మర్నాటికి దురద మొదలైంది. ఆ తర్వాత దద్దుర్లు లేచి, గోకకుండానే రసి కారే దాకా వచ్చింది. కప్పులు తగిలే చోట ఏమీ లేదు, భుజాల మీదా ఏమీ లేదు. ఛాతీ చుట్టూ కింది పట్టీ ఎంత వెడల్పు ఉందో అంత వెడల్పున, కొలబద్ద పెట్టి గీసినట్టు ఒక ఎర్రటి చార. డబ్బు వాపసు కోసమే అయితే నాలుగు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని. మీ కస్టమర్ కేర్ వాళ్ల జవాబు చూశాక ఇంత ఉత్తరం రాయక తప్పలేదు.

నాకు రబ్బరు పడదు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రబ్బరు పాలను సాగే రబ్బరుగా మార్చేటప్పుడు కలిపే థయురామ్‌లు, కార్బమేట్‌లు అనే రసాయనాలు పడవు. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి చేసే ప్యాచ్ టెస్టులో ఇది ఎప్పుడో తేలింది. ఈ రకం అలర్జీ వెంటనే బయటపడదు, చాలాసార్లు ఒకటి రెండు రోజులు గడిచాకే చర్మం ఎర్రబడుతుంది. కాబట్టి కాసేపు వేసి చూసుకుని కొనడం వల్ల లాభం లేదు. వస్తువులో ఏముందో ముందే తెలియాలి. చేతి తొడుగులు కొన్నా, చెప్పులు కొన్నా, లోదుస్తులు కొన్నా నేను మొదట వెతికేది రబ్బరు అన్న మాట ఉందా అనే.

మీ వివరణలో పత్తి గురించి పేరాలకు పేరాలు ఉన్నాయి. పురుగుమందు కొట్టని చేను, జన్యుమార్పిడి చేయని విత్తనం, నేల ఆరోగ్యం, అన్నీ ఉన్నాయి. ఎలాస్టిక్ అన్న మాట మాత్రం ఎక్కడా లేదు. అట్టపెట్టె మీదా లేదు. పక్క కుట్టులో ఉన్న ట్యాగు మీద ‘పై గుడ్డ: 100% ఆర్గానిక్ కాటన్’ అని అచ్చేశారు. అందులో ‘పై గుడ్డ’ అన్న రెండు ముక్కలూ భూతద్దం ఉంటే తప్ప కనపడనంత సన్నగా, ‘100%’ మాత్రం దూరం నుంచి కూడా కనిపించేంత లావుగా. ఆ ట్యాగు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది నిగనిగలాడే పాలిస్టర్ రిబ్బను. దాన్ని కుట్టిన నైలాన్ దారం కొస తెగి పక్కటెముక దగ్గర ముల్లులా గుచ్చుకుంటోంది. పత్తి గొప్పతనం చెప్పే ముక్కైనా పత్తిది కాదన్నమాట.

దద్దుర్లు వచ్చాక బ్రా తిరగేసి, బ్లేడుతో పట్టీ కుట్లు విప్పాను. బయటి వైపు మెత్తని కాటన్ అల్లిక, ఒకే పొర. ఒంటి వైపు ఆ పొర కూడా లేదు, ఎలాస్టిక్ నేరుగా చర్మానికి తగిలేలా జిగ్‌జాగ్ కుట్టు వేశారు. ఎలాస్టిక్‌ను సాగదీస్తే తెల్లటి దారపు పోగుల మధ్య నుంచి లేత పసుపు రంగు రబ్బరు తీగలు వరుసగా బయటపడ్డాయి. కత్తిరించిన చోట వాసన చూస్తే సందేహమే మిగల్లేదు. బ్రాలో బరువు మోసేది ముఖ్యంగా ఈ పట్టీయే, ఒంటిని గట్టిగా పట్టుకుని ఉండేదీ ఇదే, చెమట నిలిచేదీ ఇక్కడే. చెమటా రాపిడీ తోడైతే ఎలాస్టిక్‌లోని రసాయనాలు చర్మంలోకి దిగడం మరింత సులువు. అంటే రోజంతా ఒంటికి అంటిపెట్టుకుని ఉండే చోటే మీ పత్తి లేదు.

ఈ ఫొటోలు పంపితే మీ సిబ్బంది రాసిన జవాబు సారాంశం ఇది: మా ఎలాస్టిక్ కూడా చెట్టు నుంచి వచ్చిన సహజ రబ్బరే, అందువల్ల హాని ఉండదు, సున్నిత చర్మం ఉన్నవారికి మా వెదురు శ్రేణి ఇంకా అనుకూలం, లోదుస్తులు వాడాక వెనక్కి తీసుకోం.

మూడో మాటతో నాకు పేచీ లేదు. ఒకరు ఒంటికి తగిలించుకున్న బ్రాను ఇంకొకరికి అమ్మకూడదు, ఆ నియమం ఉండాల్సిందే. కాకపోతే వెనక్కి తీసుకోని వస్తువు విషయంలో కొనేముందే అన్నీ చెప్పాల్సిన బాధ్యత రెట్టింపవుతుంది. మీరు నియమాన్ని అట్టిపెట్టుకుని బాధ్యతను వదిలేశారు.

మొదటి మాట దగ్గరే అసలు గొడవ. రబ్బరు చెట్టు నుంచి వస్తుంది, నిజమే. కానీ చెట్టు నుంచి కారిన పాలు అలాగే ఎలాస్టిక్ అయిపోవు. గంధకం కలిపి వేడిచేయాలి, ఆ పని త్వరగా జరగడానికి వేగకాలు కలపాలి. నాకు పడనివి ఆ వేగకాలే. కృత్రిమ రబ్బరులోనూ ఇవి ఉంటాయి. మరికొందరికి రబ్బరు పాలలో సహజంగా ఉండే ప్రొటీన్లే పడవు. వాళ్లది ఇంకా ప్రమాదకరమైన అలర్జీ, తగిలిన కాసేపటికే ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు, ఊపిరి ఆడకపోవచ్చు. వాళ్లకు మీరు చెప్పే సహజత్వమే ముప్పు. నాలాంటి వాళ్లకు ఏది నయమో చెబితే మీ ప్రచార విభాగం వాళ్లు నొచ్చుకుంటారేమో: రబ్బరు లేని ఎలాస్టేన్. 1958లో ప్రయోగశాలలో పుట్టిన, చెట్టూ చేమతో సంబంధం లేని, పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సాగే దారం. రబ్బరు పడనివాళ్లకు చర్మవైద్యులు మామూలుగా సూచించేది దాన్నే, దాని చుట్టూ కాటన్ తొడుగు కుడితే ఇంకా మంచిది. సహజమైనదంతా అందరి ఒంటికీ పడుతుందనే భరోసా మీరు ఇవ్వలేరు. లోపల ఏముందో చెప్పగలరు. నేను అడుగుతున్నదీ అదే.

ఇక వెదురు సంగతి. వెదురు బొంగు నుంచి మెత్తని బనీను గుడ్డ దానంతట అది రాదు. గుజ్జును కాస్టిక్ సోడా, కార్బన్ డైసల్ఫైడ్‌తో కరిగించి, ఆమ్లంలోకి సన్నటి రంధ్రాల గుండా వదిలితే వచ్చే దారం విస్కోస్, అంటే రేయాన్. మెత్తగా ఉంటుంది, చెమట పీలుస్తుంది, నాకేం ద్వేషం లేదు. దానికి ఆ పేరే పెట్టి అమ్మండి. అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇలాంటి గుడ్డను ఉత్త ‘వెదురు’ అని అమ్మకూడదని, ‘వెదురు నుంచి తీసిన రేయాన్’ అని రాయాలని 2009 నుంచీ కంపెనీలపై చర్యలు తీసుకుంటూనే ఉంది. కలప గుజ్జు నుంచే తీసే లయోసెల్ అనే మరో దారంలో, వాడిన ద్రావకాన్ని దాదాపు మొత్తం తిరిగి రాబట్టి మళ్లీ వాడతారు. ఆ తేడా తెలిసినవాళ్లు మీ సంస్థలో ఉండే ఉంటారు. జవాబులు రాసే బల్ల దాకా అది చేరలేదు. పైగా ఆ వెదురు బ్రాలోనూ ఇదే ఎలాస్టిక్ వాడారా అని అడిగితే ఇప్పటిదాకా ఉలుకూ లేదు, పలుకూ లేదు.

మీ పెట్టె మీద ఆకు బొమ్మతో ఒక గుండ్రటి ముద్ర ఉంది, చుట్టూ ‘సర్టిఫైడ్ ఆర్గానిక్’ అని రాసుంది. ఎవరు సర్టిఫై చేశారు? గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్ ముద్రే అయితే, అంటే అందరూ గాట్స్ అనేదే అయితే, దాని పక్కన తనిఖీ చేసిన సంస్థ పేరు, లైసెన్సు సంఖ్య ఉండాలి. ఆ సంఖ్యతో ఎవరైనా సరిచూసుకోవచ్చు. అందులో ‘ఆర్గానిక్’ అనిపించుకోవాలంటే కనీసం 95 శాతం, ‘ఆర్గానిక్‌తో తయారైనది’ అనిపించుకోవాలంటే కనీసం 70 శాతం సేంద్రియ నూలు ఉండాలి. ఆ లెక్కలోకి హుక్కులు, ఎలాస్టిక్ లాంటి ఉపకరణాలు రావు, వాటికి వేరే నిబంధనలు. అంటే నిజాయతీగా ముద్ర సంపాదించిన బ్రాలో కూడా పట్టీ లోపల ఏముందో ఆ శాతం చెప్పదు. ఆర్గానిక్ కంటెంట్ స్టాండర్డ్ అయితే సేంద్రియ నూలు ఎంత ఉందో మాత్రమే చూస్తుంది, అద్దకంలో ఏ రసాయనం వాడారో దానికి పట్టదు. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 ఇందుకు భిన్నం, అది 1992 నుంచి తయారైన వస్తువులో హానికర పదార్థాలు హద్దు దాటాయా అని పరీక్షిస్తుంది. పత్తి ఎలా పండిందన్నది ఆ పరీక్ష పని కాదు. కొనేవాళ్లు ఇవన్నీ తెలుసుకుని కూడా మోసపోయేలా ఉంది మీ ఆకు బొమ్మ, ఎందుకంటే అది వీటిలో ఏదీ కాదు. మీ డిజైనర్ గీసిన బొమ్మ.

హుక్కుల మాట కూడా అడుగుతున్నాను. నాకు నికెల్ అలర్జీ లేదు గానీ చాలామంది ఆడవాళ్లకు ఉంటుంది. చర్మాన్ని అంటిపెట్టుకుని ఉండే లోహపు వస్తువుల నుంచి వెలువడే నికెల్‌కు యూరప్‌లో చదరపు సెంటీమీటరుకు వారానికి 0.5 మైక్రోగ్రాముల హద్దు ఉంది. మీ హుక్కుల మీద తెల్లటి పూత గీరితే లేచిపోతోంది. దాని కింద ఉన్న లోహమేమిటి?

ట్యాగు వెనక ఉతుకుడు సూచనల్లో ‘తెల్లవాటికి క్లోరిన్ బ్లీచ్ వాడవచ్చు’ అని రాశారు. దీన్ని వెంటనే తీసేయండి. కొన్ని కార్బమేట్‌లు కలిపిన ఎలాస్టిక్‌కు క్లోరిన్ బ్లీచ్ తగిలితే అలర్జీ తెచ్చే కొత్త పదార్థం ఏర్పడుతుందని చర్మవైద్యులకు దశాబ్దాలుగా తెలుసు. అది వరకు ఏ ఇబ్బందీ లేని మనిషికి కూడా ఉతికిన తర్వాత దద్దుర్లు రావచ్చు. సాగుడు దారానికీ ఆ బ్లీచ్ మంచిది కాదు. చల్లటి నీళ్లలో, హుక్కులు పెట్టి, మామూలు సబ్బుతో ఉతికి నీడన ఆరేయమంటే సరిపోయేది.

కొలతల విషయం క్లుప్తంగా చెబుతాను. మీ పట్టిక నైలాన్-ఎలాస్టేన్ బ్రాలకూ దీనికీ ఒకటే. ఎలాస్టేన్ లేని కాటన్ అల్లిక సాయంత్రానికి సాగి వదులవుతుంది, ఉతికితే కుంచించుకుంటుంది. పట్టీ వదులైతే బరువంతా భుజం పట్టీల మీద పడి గుంటలు పడతాయి. కొత్తగా ఉన్నప్పుడు చివరి హుక్కుకు పెడితే సరిపోవాలి, సాగిన కొద్దీ లోపలి హుక్కులకు మారాలి. ఈ బ్రాకు కొత్తలోనే లోపలి హుక్కు కావాల్సి వచ్చింది. గుడ్డను బట్టి కొలత మారుతుందని ఒక్క వాక్యం రాసినా కొనేవాళ్లకు మేలు జరిగేది.

న్యాయంగా ఉండటం కోసం ఇది కూడా రాస్తున్నాను: ఆ కాటన్ నిజంగా బాగుంది. కప్పుల లోపల మడతలు లేని చదునైన కుట్టు, స్పాంజి లేకుండా రెండు పొరల గుడ్డతోనే వచ్చిన ఆకారం, చంక దగ్గర ఒరుసుకోని అంచు. ఇంత శ్రద్ధ పెట్టినవాళ్లు పట్టీకి ఒక లోపలి తొడుగు కుట్టలేకపోయారంటే నమ్మబుద్ధి కావడం లేదు. అరచేతి వెడల్పు గుడ్డ కూడా పట్టదు.

నాకు కావాల్సినవి ఇవి. ఈ బ్రా పూర్తి ధర, వైద్యం ఖర్చు వాపసు. పై గుడ్డ, అస్తరు, పట్టీ ఎలాస్టిక్, భుజం ఎలాస్టిక్, కుట్టు దారం, హుక్కులు, ట్యాగు, వీటిలో ఒక్కొక్కటీ దేనితో చేశారో విడివిడిగా రాతపూర్వకంగా. అదే సమాచారం, ముఖ్యంగా ‘రబ్బరు ఉంది’ అన్న మాట, ఉత్పత్తి వివరణలో ‘100%’ ఎంత లావుగా ఉందో అంత లావుగా. అది చేరే దాకా ‘సున్నితమైన చర్మం కోసం’ అన్న వాక్యం తొలగించాలి. ఆ ఆకు ముద్రకు లైసెన్సు సంఖ్య ఉంటే పంపండి, లేకపోతే ముద్ర తీసేయండి. జవాబు మాత్రం పత్తి చేను గురించి కాకుండా ఎలాస్టిక్ గురించి తెలిసిన మనిషి రాస్తే సంతోషిస్తాను. పదిహేను రోజుల్లో అది రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

రసీదు, ట్యాగు, దద్దుర్ల ఫొటోలు, వైద్యుల చీటీ, ప్యాచ్ టెస్ట్ ఫలితం నకళ్లు జతచేశాను. కుట్లు విప్పిన పట్టీ నా దగ్గరే భద్రంగా ఉంది. పరీక్ష చేయించుకుంటామంటే సగం కత్తిరించి పంపుతాను, మిగతా సగం నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇట్లు,
మీ వినియోగదారురాలు