2025 వార్షిక నివేదిక: సోయుజ్ ముగ్గు, రెండుసార్లు అచ్చయిన కరపత్రం, మిగతా లెక్కలు

సభ్యులందరికీ నమస్కారం.

బ్రిటన్‌లోని మన తెలుగు సంఘం సర్వసభ్య సమావేశానికి రాలేనివాళ్లు కూడా చదువుకుంటారని ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాను. పండుగలన్నీ ఎప్పటిలాగే జరిగాయి. కొత్తగా చేసింది ఒక్కటే. తెలుగు బడి పిల్లలు పట్టుబట్టడంతో ఈ ఏడాది కార్యక్రమాలకు 'బ్రిటన్ వ్యోమగాములు' అనే అంశం తీసుకున్నాం. "సంక్రాంతికీ స్పేస్‌కీ ఏం సంబంధమండీ?" అని కమిటీలో ఇద్దరు గొణిగారు. అందులో నేనొకడిని, దాచడం ఎందుకు.

జనవరిలో ముగ్గుల పోటీ. ముగ్గుపిండితో నేల పాడవుతుందని హాలువాళ్లు ముందే చెప్పారు కాబట్టి సుద్దముక్కలతో సరిపెట్టుకున్నాం. పెద్ద తరగతి పిల్లలు చుక్కలూ పెట్టలేదు, రథమూ వేయలేదు. 2.2 మీటర్ల వెడల్పున ఒక గుండ్రం గీసి, లోపల అంచుల్లో పరికరాలకని గళ్లు కొట్టి, "మిగిలినదాంట్లో ముగ్గురు పెద్దవాళ్లు పట్టాలి" అన్నారు. రష్యావాళ్ల అంతరిక్ష నౌక సోయుజ్‌లో మనుషులు కూర్చుని భూమికి దిగే గది వెడల్పు అదేనట. ముగ్గురు నాన్నలు దిగారు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు పొట్టకేసి ముడుచుకుంటే గానీ గీత లోపల ఇమడలేదు. ఆరడుగుల మన కోశాధికారి గారి మోచెయ్యి పక్కాయన పక్కటెముకల్లోకి దిగింది. మొదటి బహుమతి ఆ ముగ్గుకే ఇచ్చాం. సంప్రదాయం ఏమైపోవాలని ఒకరిద్దరు అడిగారు. వచ్చే సంక్రాంతికి చుక్కల ముగ్గులకు విడిగా బహుమతి ఉంటుంది.

ఫిబ్రవరి సెలవుల్లో కోచ్ బస్సు మాట్లాడుకుని లెస్టర్‌లోని నేషనల్ స్పేస్ సెంటర్‌కు వెళ్లొచ్చాం. పులిహోర, పెరుగన్నం మనవే. 42 మీటర్ల ఎత్తున్న పారదర్శక బురుజులో బ్రిటన్ తయారుచేసిన బ్లూ స్ట్రీక్ రాకెట్‌ను చూశాక ఒక పిల్లాడు, "మనకే రాకెట్ ఉంటే మనవాళ్లు రష్యా నౌకలో ఎందుకు వెళ్లారు?" అని అడిగాడు. జవాబు కొంచెం బాధగానే ఉంటుంది. సొంత బ్లాక్ యారో రాకెట్‌తో 1971లో ఉపగ్రహాన్ని పంపిన బ్రిటన్, ఆ పథకాన్ని రద్దు చేస్తున్నట్టు అంతకు ముందే ప్రకటించేసింది. మనుషుల్ని పంపడానికీ ఏళ్ల తరబడి డబ్బు పెట్టలేదు. ఇక్కడ పుట్టినవాళ్లకు పైకి వెళ్లాలని ఉంటే అమెరికా వైపో, రష్యా వైపో చూడాల్సి వచ్చింది.

ఇప్పుడు కరపత్రం సంగతి. విశ్వావసు ఉగాది సభకు 200 కరపత్రాలు అచ్చు వేయించాం. 'తొలి బ్రిటన్ వ్యోమగామి టిమ్ పీక్' అని పెద్దక్షరాల్లో వేశాం. పదకొండేళ్ల పాప ఒకతె చూసి, "అంకుల్, హెలెన్ షార్మన్ కదా?" అంది. ముగ్గురం సరిచూశామనుకున్న తప్పు అది.

షార్మన్ షెఫీల్డ్ అమ్మాయి. మార్స్ చాక్లెట్ కంపెనీలో కెమిస్ట్. 1989లో ఉద్యోగం నుంచి కారులో ఇంటికి వస్తుంటే, వ్యోమగామి కావలెను, అనుభవం అక్కర్లేదు అనే ప్రకటన రేడియోలో వినిపించింది. దరఖాస్తు చేసినవాళ్లు 13,000 మందికి పైనే. ఎంపికై, మాస్కో దగ్గరి స్టార్ సిటీలో రష్యన్ నేర్చుకుని, శిక్షణ పూర్తిచేసి, 1991 మే 18న సోవియట్ అంతరిక్ష కేంద్రం మీర్‌కు బయల్దేరింది. అప్పటికి ఇరవయ్యేడేళ్లు. ఖర్చు భరిస్తామన్న స్పాన్సర్లు అనుకున్నంత దొరకలేదు, చివరికి సోవియట్‌వాళ్లే సర్దుకుని తీసుకెళ్లారు. పీక్ వెళ్లింది ఆమె తర్వాత 24 ఏళ్లకు.

సభలో పిల్లలు వేసిన నాటిక బాగా నవ్వించింది. 2015 క్రిస్మస్‌ప్పుడు పీక్ స్పేస్ స్టేషన్ నుంచి ఇంటికి ఫోన్ చేయబోయి ఎవరో తెలియని ఆవిడకు చేసి, "హలో, ఇది భూగ్రహమేనా?" అన్నాడు. మన నాటికలో ఫోన్ ఎత్తిన బామ్మ, "కాదు నాయనా, ఇది గుంటూరు" అంటుంది. నాసా వ్యోమగామి పియర్స్ సెల్లర్స్ కథ మాత్రం ఆడవాళ్లకు తెగ నచ్చింది. 2006లో అమెరికా స్పేస్ షటిల్ వేడికవచానికి మరమ్మతు చేసి చూస్తుండగా ఆయన చేతిలోని అట్లకాడ లాంటి పరికరం జారి అంతరిక్షంలోకి పోయింది. "మనం పోగొడితే తిడతారు, ఆయన్ని ఎవరూ ఏమనలేదా?" అని వెనక వరస నుంచి ప్రశ్న.

ఆ సెల్లర్స్ మీదే చర్చ వేడెక్కింది. ఆయన పుట్టింది ససెక్స్‌లో. నాసాలో ఎగరడానికి 1991లో అమెరికా పౌరుడయ్యాడు. ఆయన్ని బ్రిటన్ లెక్కలో వేయొచ్చా? లింకన్‌షైర్‌లో పుట్టిన మరో నాసా వ్యోమగామి మైకేల్ ఫోల్‌కు తల్లి అమెరికన్ కాబట్టి రెండు పౌరసత్వాలూ ఉన్నాయి. 1997లో సరకుల నౌక గుద్దుకుని మీర్ గిరగిరా తిరుగుతుంటే, కిటికీ దగ్గర బొటనవేలు అడ్డంపెట్టి నక్షత్రాల కదలికను బట్టి ఎంత వేగంగా తిరుగుతోందో లెక్కగట్టిన మనిషి ఆయన. ఈ తగవు తేల్చడానికి మనకన్నా అర్హులెవరు? గుంటూరు జిల్లాలో పుట్టి హ్యూస్టన్‌లో పెరిగిన శిరీష బండ్ల 2021లో బ్రిటన్ వ్యాపారి రిచర్డ్ బ్రాన్సన్‌తో కలిసి అంతరిక్షానికి వెళ్లొస్తే, బ్రిటిష్ పాస్‌పోర్టులు జేబులో పెట్టుకునే 'మన అమ్మాయి' అన్నాం. కాబట్టి సెల్లర్స్‌నీ, ఫోల్‌నీ కూడా క్విజ్‌లో చేర్చాం. అభ్యంతరాలు నమోదు చేశాను.

జూన్ 25న భారత వ్యోమగామి శుభాంశు శుక్లా ప్రయోగం ఇక్కడి టైములో పొద్దున ఏడున్నరకు. బడికి వెళ్లే హడావుడిలో వాట్సాప్ గ్రూపులోనే చూశాం. బోనాలు, బతుకమ్మ, దీపావళి ఫొటోలు విడిగా పంపాను.

లెక్కలు ఆడిట్ అయ్యాయి. కోచ్ ఖర్చు టికెట్లతో వచ్చేసింది. అచ్చు పద్దు మాత్రం రెట్టింపయింది, కారణం పైన చెప్పాను. వచ్చే ఏడాది క్విజ్‌కు పిల్లలు అప్పుడే బ్రిటన్‌కు చెందిన జాన్ మెక్‌ఫాల్‌ను ఎంచుకున్నారు. 19వ ఏట ప్రమాదంలో కాలు పోగొట్టుకుని, బీజింగ్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, సర్జన్ అయిన ఆయన, స్టేషన్‌లో దీర్ఘకాలం ఉండటానికి వైద్యపరంగా తగినవారని 2025 ఫిబ్రవరిలోనే ప్రకటించారు.

సభ్యత్వ రుసుము మార్చి నెలాఖరులోగా కట్టండి. తప్పు పడిన 200 కరపత్రాలు పారేయలేదు. వెనకవైపు తెల్లగానే ఉందని తెలుగు బడిలో చిన్నపిల్లలు గుణింతాలు రాసుకుంటున్నారు. ఇంకా సగం కట్ట మిగిలింది.

ఇట్లు,
కార్యదర్శి