విద్యాశాఖ మంత్రి గారికి: ఆడపిల్లలకి కరాటే సరే, మగపిల్లల సంగతేంటండీ?

మంత్రి గారికి నమస్కారమండి. నేను కోనసీమలో ఒక జెడ్పీ హైస్కూల్లో పీఈటీని, అంటే ఆటల మేష్టార్ని. స్కూలు పేరూ ఊరు పేరూ రాయట్లేదు, మావన్నీ చిన్న ఊళ్ళు, ఏ పిల్లాడి గురించి రాశానో సాయంత్రానికల్లా టీ కొట్టు దగ్గర తేల్చేస్తారు, తర్వాత ఆ కుర్రాడు స్కూలుకి రాలేడు.

సంగతేంటంటే సార్, సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకం కింద ఆడపిల్లలకి ఆత్మరక్షణ ట్రైనింగ్ వస్తుంది కదా, కరాటే మాస్టర్ని పెట్టి మూడు నెలలు నేర్పిస్తారు. మంచిదే, నేను కాదనను, మా ఎనిమిదో తరగతి పిల్లలు కిక్కులు కొడుతుంటే చూడ్డానికి ముచ్చటేస్తుంది. కానీ ఆ గంటసేపు మగపిల్లల్ని ఏం చేస్తాం? గ్రౌండు ఖాళీ చేయిస్తాం. వాళ్ళెళ్ళి ప్రహరీ గోడెక్కి కూచుని ఈలలేస్తూ ఉంటారు. అంటే ప్రభుత్వం డబ్బులు పెట్టి మరీ దెబ్బ తప్పించుకోడం ఎలాగో ఆడపిల్లలకి నేర్పుతోంది, ఆ దెబ్బ వేసేవాడు తయారయ్యేది కూడా ఇదే స్కూల్లో, ఇదే గ్రౌండులో, వాడితో మాట్లాడే డ్యూటీ మాత్రం ఎవరికీ లేదు.

ఎవరూ చెప్పకపోతే వాళ్ళేం నేర్చుకోరనుకోకండి. బాగానే నేర్చుకుంటున్నారు. కబడ్డీలో మోచెయ్యి చీరుకుపోయి కళ్ళనీళ్ళు పెట్టుకున్నవాణ్ణి పక్కోళ్ళు "గాజులు తెమ్మంటావేంట్రా" అంటారు. ఒక్కోసారి ఆ మాట మా స్టాఫ్ రూమ్ నుంచే వస్తుంది. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర తెల్లవార్లూ పెద్దోళ్ళు తాగి తూలుతూ మీసాలు మెలేస్తుంటే వీళ్ళు నోళ్ళు తెరుచుకుని చూస్తారు, పండగయ్యాక వారం రోజులు గ్రౌండులో తొడలు కొట్టడాలే. అమ్మాయి మాట్లాడనంటే ఆ అమ్మాయి పేరు గోడమీద రాయడం, ఫోటో ఇన్‌స్టాలో తిప్పడం, ఇవన్నీ ఎవడి దగ్గర నేర్చుకున్నాడంటే ఫలానా అని చెప్పలేం. ఊరంతా మేష్టార్లే.

ఆస్ట్రేలియాలో మైకేల్ ఫ్లడ్ అని ఒక సోషియాలజిస్టు ఉన్నారు, క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీలో ప్రొఫెసర్. ఏళ్ళ తరబడి ఆయన పనంతా ఇదే, మగతనం అని మనం అనుకునేదేంటి, దానికీ ఆడవాళ్ళ మీద హింసకీ లంకె ఎక్కడుంది, మగవాళ్ళనీ మగపిల్లల్నీ కలుపుకుని ఆ హింసని జరక్కముందే ఎలా ఆపాలి అని. దీనిమీద 2018లో పెద్ద పుస్తకమే రాశారు. ఆయన చెప్పేదాంట్లో నా బుర్రకెక్కిన మొదటి సంగతి, ఎక్కువమంది మగాళ్ళు కొట్టరు, కానీ కొట్టేవాడి పక్కన కూచుని నవ్వుతారు, లేదా "మనకెందుకులే" అని లేచిపోతారు, కొట్టేవాడికి ఆ మాత్రం చాలు. ఇది నేను రోజూ గ్రౌండులో చూసేదే. ఒక అమ్మాయి సైకిల్ తొక్కుకుంటూ వెళ్తుంటే కూత కూసేది ఒక్కడే, పక్కనున్న ఆరుగురూ నవ్వకపోతే వాడు రెండోసారి కూయడు. మనం ఆ ఒక్కణ్ణీ పట్టుకుని వీపు విమానం మోత మోగిస్తాం, ఆ ఆరుగుర్నీ ఎవరం పట్టించుకోం.

అదే 2018లో ఆస్ట్రేలియాలో 18 నుంచి 30 ఏళ్ళ కుర్రాళ్ళు వెయ్యిమందిని అడిగి ఒక సర్వే చేశారు, మ్యాన్ బాక్స్ అంటారు, అందులో ఫ్లడ్ గారూ పనిచేశారు. మగాడంటే ఏడవకూడదు, సాయం అడక్కూడదు, ఇంట్లో మాట నాదే చెల్లాలి, ఎవడైనా ఏమన్నా అంటే తిరిగి కొట్టాలి, ఇలాంటి రూల్స్ అన్నీ కలిపితే ఒక పెట్టె అన్నమాట. ఆ పెట్టెలో ఎంత గట్టిగా ఇరుక్కుంటే అంత ఎక్కువగా వాళ్ళు ఇంకొకళ్ళని ఏడిపించినట్టూ, వేధించినట్టూ తేలింది, అంతేకాదు వాళ్ళ మనసు కూడా అంత ఎక్కువగా పాడైనట్టు తేలింది, చచ్చిపోవాలనే ఆలోచనలతో సహా. మన దేశంలో ఆత్మహత్య చేసుకునేవాళ్ళలో నూటికి 70 మందికి పైగా మగవాళ్ళే అని కేంద్రం నేరాల లెక్కలు తీసే ఎన్‌సీఆర్‌బీ లెక్క. ఆడోళ్ళ గురించే మాట్లాడతారు మగోళ్ళ బాధ పట్టదా అని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఇదే, పట్టింది కాబట్టే రాస్తున్నా, ఆ పెట్టె మూత తీస్తే ఇద్దరికీ గాలాడుద్ది.

ఆస్ట్రేలియా గొడవ మాకెందుకండీ అంటారా, మా గోదావరి జిల్లాలకి కూడా ఒక సోషియాలజిస్టు వచ్చారు. జర్మనీ ఆవిడ, మారియా మీస్. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్ళ మీద పరిశోధన చేసి 1982లో పుస్తకం వేశారు. ఇంటిపనంతా చేసుకుని రోజుకి ఆరేడు గంటలు లేసు అల్లి ఎగుమతుల వ్యాపారాన్ని నడిపిస్తున్నవాళ్ళని అందరూ "ఖాళీగా ఇంట్లో కూచునే ఆడవాళ్ళు" అనేవారు, వ్యాపారి అన్న పేరూ లాభమూ మగాళ్ళకి వెళ్ళేవి. ఆ లేసుకి 2024లో జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ఊరి సరుకే అనే గుర్తింపు, వచ్చింది, బానే ఉంది. కానీ ఆ లెక్కేం మారలేదు సార్. మా క్లాసుల్లో అమ్మ కువైట్లో పాచిపని చేసి పంపే డబ్బుల మీద బతికే పిల్లలున్నారు, రొయ్యల షెడ్డులో తెల్లవారుజాము నుంచి ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తలలు తీసే తల్లులున్నారు. ఇంట్లో సంపాదించేదెవర్రా అంటే తడుముకోకుండా నాన్న అంటారు. ఆ నాన్న గారు బెల్టు షాపు దగ్గర ఉంటారు.

కేంద్రం చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, 2019-21ది, అందులో మన రాష్ట్రంలో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి 30 మంది మొగుడి చేతిలో హింస పడ్డామన్నారు. అంతకుముందు సర్వేలో 43 ఉండేది, తగ్గిందని సంతోషపడదాం అనుకునేలోపే ఇంకో అంకె ఉంది, మొగుడు పెళ్ళాన్ని కొట్టడం ఏదో ఒక కారణానికి న్యాయమే అని చెప్పిన ఆడవాళ్ళు నూటికి 84 మంది. అత్తమామల్ని గౌరవించకపోతే కొట్టొచ్చట, ఇల్లూ పిల్లల్నీ సరిగ్గా చూసుకోకపోతే కొట్టొచ్చట. గృహహింస చట్టం 2005లో వచ్చింది, ఆడవాళ్ళు సాయం కోసం ఫోన్ చేసే 181 నంబరుంది, సచివాలయంలో మహిళా పోలీసుంది, అన్నీ ఉన్నాయి, అయినా మా ఊళ్ళో గొడవ పెద్దమనుషుల దగ్గరికెళ్ళి "సర్దుకుపోవాలమ్మా" దగ్గర ఆగిపోద్ది. చట్టం కొట్టిన తర్వాత వస్తుంది. నేను అడిగేది ముందు సంగతి.

మార్చి 8కి ర్యాలీ చేయిస్తారు, ఆడవాళ్ళ మీద హింస వద్దనే రోజని నవంబర్ 25కి ప్రతిజ్ఞ చేయిస్తారు, ఫోటోలు వాట్సాప్ గ్రూపులో పెట్టమంటారు, పెడతాం. ఫ్లడ్ గారు పదేపదే రాసే ఇంకో సంగతి ఇదే, ఒక్క రోజు క్లాసు పీకి వెళ్ళిపోతే పెద్దగా ఏమీ మారదు, ఎక్కువ రోజులు, చిన్న చిన్న గ్రూపుల్లో, పిల్లలు నోరు విప్పి మాట్లాడేలా ఉండాలి, స్కూలు మొత్తం అదే దారిలో నడవాలి. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే, మా దగ్గర రొయ్యల చెరువుకి జబ్బొస్తే ఒకరోజు మందు జల్లి బ్యానర్ కట్టి ఇంటికిపోరు, పంట పట్టేదాకా నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆడిస్తూ, రొయ్యలు మేత తింటున్నాయో లేదో పొద్దునా సాయంత్రం చెక్ ట్రే లేపి చూసుకుంటారు.

చేసినవాళ్ళు ఉన్నారు కూడా. హర్యానాలో బ్రేక్‌త్రూ అనే సంస్థ ప్రభుత్వ స్కూళ్ళలో మూడు వారాలకోసారి 45 నిమిషాల క్లాసు, అలా రెండున్నరేళ్ళు నడిపింది. 314 స్కూళ్ళు తీసుకుని కొన్నింట్లో పెట్టి కొన్నింట్లో పెట్టకుండా పోల్చి చూశారు, ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. పిల్లల ఆలోచన మారింది, మగపిల్లలు ఇంటిపని ఎక్కువ చేస్తున్నామన్నారు, క్లాసులు అయిపోయిన రెండేళ్ళ తర్వాత అడిగినా ఆ మార్పు చాలావరకు నిలిచే ఉంది. దాన్ని చూసి పంజాబ్, ఒడిశా ప్రభుత్వాలు తీసుకున్నాయి. ఒడిశా మనకి పక్కనే కదా సార్.

నా ఆశంతా మాత్రం ఇంకోదాని మీద. అమెరికాలో కాలిఫోర్నియాలో హైస్కూల్ ఆటల కోచ్‌లకి ట్రైనింగ్ ఇచ్చి సీజన్ మొత్తం వారానికి పదిహేను నిమిషాలు మగపిల్లలతో ఆడవాళ్ళని గౌరవించడం గురించి మాట్లాడించారు, ఏడాది తర్వాత చూస్తే ఆ టీముల్లో అమ్మాయిల్ని వేధించడం మిగతావాళ్ళకంటే తక్కువుంది. దాన్నే మార్చి ముంబైలో క్రికెట్ కోచ్‌లతో పరివర్తన్ అని చేశారు, అక్కడ కుర్రాళ్ళ అభిప్రాయాలు బాగానే కదిలాయి, చేతలు ఎంత మారాయన్నది మాత్రం అంత గట్టిగా తేలలేదు, అది కూడా చెప్పాలి. ఎందుకు నా ఆశ దీనిమీద అంటే, లెక్కల మేష్టారి మాట మార్కుల కోసం వింటారు, పీఈటీ మాట టీములో చోటు కోసం వింటారు. జోనల్స్‌కి, అంటే స్కూళ్ళ మధ్య జరిగే పోటీలకి, ఎంపికవ్వాలనుకునే కుర్రాడికి నేను "ఆ అమ్మాయి ఫోటో ఎవడు పంపాడో వాడు నా టీములో లేడు" అని ఒక్కసారి చెప్తే చాలు, మూడు రోజుల నీతిబోధ అక్కర్లేదు.

అయితే మమ్మల్ని గుడ్డిగా నమ్మకండి. పీఈటీల్లోనే "ఆడంగిలా పరిగెడతావేంట్రా" అనేవాళ్ళున్నారు, ఇంటికెళ్ళి చెయ్యి చేసుకునేవాళ్ళూ ఉండొచ్చు, ఎవరికి తెలుసు. అందుకే ముందు ట్రైనింగ్ మాకు, అదీ ఆడవాళ్ళతో ఏళ్ళుగా పనిచేస్తున్న మహిళా సంఘాల చేత, మగ ఆఫీసర్ల చేత కాదు. మగవాళ్ళు ఈ పనిలోకి వస్తే చప్పట్లు తొందరగా పడతాయనీ, ఆడవాళ్ళకి జవాబుదారీగా ఉండకపోతే మొత్తం పాడవుద్దనీ ఫ్లడ్ గారు గట్టిగానే చెప్తారు. మనకి తెలియంది కాదు. రాజమండ్రిలో 1881లో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించారు, ఆయనకి విగ్రహాలున్నాయి, ఉండాల్సిందే. వంటవాళ్ళు బహిష్కారానికి భయపడి మానేస్తే గోదావరి నుంచి నీళ్ళు మోసి వండిపెట్టిన రాజ్యలక్ష్మమ్మ గారి పేరు మా పదో తరగతి పిల్లల్ని అడిగి చూడండి.

తల్లిదండ్రులు ఒప్పుకోరంటారు మా హెచ్ఎం గారు. మావాణ్ణి వంటింట్లో కూచోబెడతారా అని ఒకాయన వస్తాడు, నిజమే. ఆయనకి జవాబు నేను చెప్పుకుంటాను, మీ సర్క్యులర్ ఒకటి నా చేతిలో ఉంటే చాలు.

కాబట్టి అడిగేదేంటంటే, శనివారం నో బ్యాగ్ డే పెట్టారు కదా, ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా అందులో ఒక పీరియడు దీనికి ఇవ్వండి, నెలకి రెండైనా పర్లేదు, కానీ మూడేళ్ళు ఆపొద్దు. ముందు కోనసీమలో పది పదిహేను స్కూళ్ళలో పెట్టి, పెట్టని స్కూళ్ళతో పోల్చి చూడండి, ఆ చూసే పని మా డిపార్ట్‌మెంటు కాకుండా ఏదైనా యూనివర్సిటీకి ఇవ్వండి, మేమే చూసుకుంటే అన్నీ బ్రహ్మాండం అని రాసుకుంటాం. పిల్లాడెవడైనా మా ఇంట్లో నాన్న అమ్మని కొడతాడని చెప్తే మేం ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఆ తర్వాత వాడికేం జరుగుద్దో ముందే రాసి ఇవ్వండి, ఎందుకంటే ఈ క్లాసు మొదలెట్టిన నెలకి ఎవడో ఒకడు చెప్పి తీరతాడు. కరాటే కూడా ఉంచండి.

ట్రైనింగ్ మాత్రం సంక్రాంతి ముందు వారంలో పెట్టకండి సార్, ఆ వారం మావాళ్ళలో సగంమంది మెడికల్ లీవులో ఉంటారు.

ఇట్లు,
కోనసీమ నుంచి ఒక పీఈటీ