సింగ్‌కారాక్ ఒడ్డు నుంచి ఓ ఉత్తరం

ఒరేయ్ సీనుగా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. సుమత్రాలో సింగ్‌కారాక్ అనే సరస్సు ఒడ్డున కూర్చుని రాస్తున్నా. ఎదురుగా ప్లేట్లో బిలిహ్ అని ఇక్కడి బుల్లి చేపల వేపుడు. కారంలో వీళ్లు మనవాళ్లకేం తీసిపోరు.

వచ్చేముందు ఇదీ పాత అగ్నిపర్వతం నోరే అనుకున్నా. దగ్గర్లోని మానింజావ్ సరస్సు అలాంటిదే మరి. ఇది మాత్రం నేల చిరిగి, మధ్యలో కుంగి పుట్టింది.

హిందూ మహాసముద్రం అడుగు సుమత్రా కిందికి తిన్నగా కాకుండా ఏటవాలుగా దూరుతోంది. ఎదురు తోపుడంతా సముద్రంలోని కందకం దగ్గర తీరిపోతుంది. పక్కకు లాగే బలం మాత్రం దీవిని ఈ కొస నుంచి ఆ కొసకి చీల్చింది. అదే 1900 కిలోమీటర్ల సుమత్రా ఫాల్ట్. దాని పడమటి పక్క ఏడాదికి సెంటీమీటరున్నర చొప్పున వాయవ్యానికి జారుతోంది.

ఇప్పుడో పని చెయ్. పాత పేపరొకటి తీసుకుని నిలువుగా కత్తిరించు. సగం దూరం పోయాక కుడికి ఒక మెట్టు వేసి, మళ్లీ పైకి కత్తిరించు. ఎడమ ముక్కని పైకి, కుడి ముక్కని కిందికి జరుపు. మెట్టు దగ్గర ఖాళీ వచ్చిందా? సింగ్‌కారాక్ ఆ ఖాళీయే. ముక్కల్ని అటుదిటు జరిపితే అక్కడే బిగుసుకుపోతాయి. లోపలి మాగ్మాకి, అంటే కరిగిన రాతికి, కూడా అంతే: బిగుసుకున్న చోట దారుండదు, సాగి పలచబడ్డ చోట సందు దొరుకుతుంది.

దక్షిణాన సుఒహ్ లోయ కూడా ఇలాంటి మెట్టు దగ్గర కుంగిందే. 1933 జూన్‌లో అక్కడ ఈ ఫాల్ట్ మీదే పెద్ద భూకంపం వచ్చింది. రెండు వారాలు తిరిగాక, జూలై 10న, లోయ ఆవిరితో పేలింది. కొత్త లావా కాదురా, అడుగున మరుగుతున్న నీళ్లు!

అలాగని అగ్నిపర్వతాలన్నీ ఫాల్ట్ మీదే ఉంటాయంటే నమ్మకు. నేనూ మొదట అలాగే ఎగిరాను. 2000లో కెరీ సీ, డానీ నటవిజయ అనే భూగర్భ శాస్త్రవేత్తలు లెక్క తీస్తే, యాభై కుర్ర అగ్నిపర్వతాల్లో ఫాల్ట్‌కి రెండు కిలోమీటర్ల లోపున్నవి తొమ్మిదే తేలాయి. పైగా మాగ్మా వేడికి నేల ముందే మెత్తబడింది కాబట్టే పగులు ఈ వరస పట్టిందేమో అని తిరగేసి అడిగేవాళ్లూ ఉన్నారు. నాకైతే రెండూ ఒకదాన్నొకటి లాక్కొచ్చాయనే అనిపిస్తోంది.

ఎల్లుండి టోబా అగ్నిపర్వతం దగ్గరికి వెళ్తున్నా. అదీ ఈ ఫాల్ట్ పక్కనే ఉంది. బనగానపల్లె నుంచి సైకిళ్లేసుకుని జ్వాలాపురం పోయి, తెల్లబూడిద అరచేతులకు పూసుకున్నాం, గుర్తుందా? 74 వేల ఏళ్ల కిందట అది ఎగిరొచ్చింది ఇక్కణ్ణుంచే. ఊరి పేరు చూడు, జ్వాలాపురమట!

అప్పుడు నువ్వు అగ్గిపెట్టెలో దాచిన బూడిద ఇంకా ఉంటే పారెయ్యకు. పక్కన పెట్టి చూడ్డానికి టోబా రాయొకటి పట్టుకొస్తా.

నీ
రవిగాడు