కోతులకు టీకాలు వేశారురా!

ప్రియమైన రఘూ,

ఉత్తరం బాగా ఆలస్యమైంది, ఏమీ అనుకోకు. ఇక్కడ అందరం కులాసా. నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది. నా బదిలీ సంగతి ఇంకా తేలలేదు. మిగతా కబుర్లు తర్వాత. ఈ ఒక్కటీ నీకు చెప్తేగానీ నాకు స్థిమితంగా ఉండదు.

బ్రెజిల్‌లో అడవి కోతులకు ఎల్లో ఫీవర్ టీకాలు వేశారురా! అదే, దోమలు మోసే వైరస్ వల్ల వచ్చే జ్వరం. మనుషులకు వేసే టీకానే! మన దోమల సంఘం అధ్యక్షుడివి, ముందు నీకే చెప్పాలి కదా.

అసలు 2016 చివర్లో అక్కడ ఆ జ్వరం విరుచుకుపడింది. మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో హౌలర్ కోతులు కుప్పలుతెప్పలుగా చచ్చిపోయాయి. కారెన్ స్ట్రయర్ అని ఒకావిడ అక్కడి కరతింగ అడవిలో 1980ల నుంచీ కోతులను గమనిస్తోంది. 2017లో వెళ్లి చూస్తే అడవంతా నిశ్శబ్దమట. హౌలర్ల అరుపు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది, తెలుసుగా? అలాంటిది ఒక్క కూత కూడా లేదంటే... చదువుతుంటే గొంతు పట్టేసింది.

ఈ వైరస్‌ను మోసే హీమాగోగస్ దోమలు చెట్ల తొర్రల్లో నిలిచిన నీళ్ల దగ్గర గుడ్లు పెడతాయి, కొమ్మల పైభాగాన తిరుగుతాయి. కోతులుండేదీ అక్కడే. ఆఫ్రికా కోతులకు ఈ వైరస్ అనాదిగా అలవాటు, అంతగా జబ్బు పడవు. అమెరికా ఖండానికి అది బానిసల ఓడలతో పాటు వచ్చింది, కొన్ని వందల ఏళ్ల కిందటే. పాపం హౌలర్లకు తట్టుకునే శక్తే లేదు.

నాకు ఒళ్లు మండిన సంగతి ఇంకొకటుంది. కోతులే జబ్బు అంటిస్తున్నాయని జనం వాటిని కొట్టి చంపారు, విషం పెట్టారు. దోమ కుట్టాలే తప్ప కోతి వల్ల మనకు రాదు కదా! పైగా కోతులు చచ్చిపోతున్నాయంటే మనుషులకు టీకాలు వెయ్యండని ముందే హెచ్చరిక అందినట్టు. ఆ హెచ్చరిక ఇచ్చేవాటినే చంపితే ఎలారా?

సరే, టీకా దగ్గరికొస్తా. రియో రాష్ట్రంలో గోల్డెన్ లయన్ టామరిన్లని చిన్న కోతులు ఉన్నాయి. అరకిలో పైచిలుకు బరువు, ముఖం చుట్టూ బంగారు రంగు జూలు. 1970లలో అడవిలో రెండు వందలే మిగిలితే, ఎంతో కష్టపడి 3,700కి తెచ్చారు. ఈ జ్వరం దెబ్బకు 2,500కి పడిపోయాయి. అప్పుడిక టీకా ఒక్కటే దారి అనుకున్నారు. ముందు బోనుల్లో పెంచే జాతుల మీద పరీక్షించి, 2021 నుంచి అడవిలో వెయ్యడం మొదలుపెట్టారు. అరటిపండు ఎర వేసి పట్టడం, మత్తిచ్చి పొట్ట మీద చర్మం కింద సూది వెయ్యడం, మెలకువ వచ్చాక తమ గుంపుతోనే తిరిగి వదిలెయ్యడం. ఇలా మూడు వందలకు పైగా! 2023 లెక్కలో 4,800 తేలాయట. అది చదివి నేను గట్టిగా చప్పట్లు కొట్టేశాను. నువ్వుంటే ఇద్దరం గంతులేసేవాళ్లం.

ఇంకా, 1947లో ఉగాండాలోని జికా అడవిలో ఎల్లో ఫీవర్ కోసమే చెట్టు మీద బోనులో ఒక రీసస్ కోతిని ఉంచితే, దాని రక్తంలో ఏకంగా కొత్త వైరస్... అయ్యో, ఆటో వచ్చేసింది, హారన్ మోగిస్తున్నాడు. అది మళ్లీ రాస్తా. అక్కయ్యకు నా నమస్కారాలు చెప్పు.

నీ
మూర్తి