డైనమిక్స్‌కు పేజీకి 20 రూపాయలు ఎందుకంటే

అందరికీ నమస్తే. హన్మకొండల మా దగ్గర నొటేషన్ టైప్ చేయించుకునే కోయిర్ మాస్టర్లకు, కీబోర్డ్ సార్లకు, స్కూల్ బ్యాండ్ వాళ్లకు చెప్పేదేంటంటే, ఈ నెల నుంచి డైనమిక్స్ (పి అంటే మెల్లగ, ఎఫ్ అంటే గట్టిగ, ఇట్లాంటి గుర్తులు) పెట్టాలంటే పేజీకి 20 రూపాయలు ఎక్కువైతది. "రెండు ఎఫ్‌లు, మూడు పిలకు ఇరవై రూపాయలా అన్నా" అని అప్పుడే ఒకాయన ఫోన్ చేసిండు, అందుకే ఇంత రాస్తున్న.

నొటేషన్ టైప్ చేసే సాఫ్ట్‌వేర్ మ్యూస్‌స్కోర్‌ల ఎంఎఫ్ (కొంచెం గట్టిగ) అని మామూలు టెక్స్ట్ లెక్క కొడితే పేపర్ మీద మంచిగనే కనపడ్తది గానీ ప్లే కొడితే సౌండ్ ఏం మారదు, అదే డైనమిక్స్ పాలెట్‌లకెళ్లి తీసి పెడితే దానెనక వెలాసిటీ నంబర్ (సౌండ్ ఎంత గట్టిగ రావాలనేది) ఉంటది, మామూలుగ పికి 49, ఎంఎఫ్‌కు 80, ఎఫ్‌కు 96, స్కేలు 127 దాక. క్రెసెండో హెయిర్‌పిన్ (సౌండ్ కొంచెం కొంచెం పెంచమనే గుర్తు) గీసి చివర్ల ఎఫ్ పెట్టకపోతే ఎంతదాక పెంచాలో సాఫ్ట్‌వేర్‌కే కాదు, పాడేటోళ్లకూ తెల్వదు. ఇగ కోయిర్ పాటలకైతే గుర్తులన్నీ స్టాఫ్ (నోట్లు రాసే ఐదు గీతలు) పైకి ఎక్కించాలె, కింద పెడితే తెలుగు మాటల గుడులకు తగుల్తయి (అసలే "స్త్రీ", "లక్ష్మి" లాంటివి వస్తే ఒత్తులు రెండో చరణం మీద పడ్తయి, అది వేరే లొల్లి). పియానోకు రెండు స్టాఫ్‌ల నడుమ. ఇదంతా ఒక్కొక్కటి చూసి జరుపుడే పని.

కీబోర్డ్ సార్లు ఒకటి అడుగుతున్నరు, పట్టుకున్న ఒక్క నోటు మీద క్రెసెండో పెడితే ఫోన్‌ల వినపడ్తలేదని. పియానో సౌండ్‌ల వినపడదు సార్, నిజం పియానో మీద కూడా కొట్టినంక నోటు తగ్గుడే గానీ పెరుగుడు ఉండదు. అదే వయొలిన్‌కు పెట్టుండ్రి, పెరుగుతది. ఎస్ప్రెస్సివో (భావంతోని), డోల్చే (తియ్యగ) లాంటి మాటలు మాత్రం వాయించేటోళ్ల కోసం, మ్యూస్‌స్కోర్ వాటిని చదివి ఫీల్‌తోని వాయించదు.

చేతిరాత కాపీ మీద ఎక్కడ మెల్లగ, ఎక్కడ గట్టిగ అనేది మీరే ఎర్ర పెన్నుతోని రాసి పంపుండ్రి, నేనైతే అందాజ మీద పెట్ట, పాట మీది. అసలు డైనమిక్సే వద్దనుకుంటే పాత రేటే.

పాత ఫినాలే (ఇంకో నొటేషన్ సాఫ్ట్‌వేర్) ఫైళ్లు ఉన్నోళ్లు, ఆ సాఫ్ట్‌వేర్‌ను బంద్ చేస్తున్నమని కంపెనీ 2024 ఆగస్టులనే చెప్పింది కాబట్టి, అది మీ సిస్టంల నడుస్తుండంగనే మ్యూజిక్ ఎక్స్‌ఎంఎల్‌ల (వేరే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లల్ల కూడా తెరుచుకునే ఫైల్ రకం) ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండ్రి. క్రిస్మస్ పాటలు అక్టోబర్ ఆఖరు లోపు ఇయ్యుండ్రి, డిసెంబర్‌ల అందరూ ఒక్కసారే వస్తే నాతోని కాదు.