ఫ్లాప్స్ దించాక వేగం పడిపోవడం సిమ్యులేటర్ లోపం కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

ఫ్లైట్ సిమ్యులేటర్లలో యుద్ధవిమానాలు నడిపే మన కుర్రాళ్లలో చాలామంది, మలుపు ఇరుకుగా తిరగాలనుకున్న ప్రతిసారీ ఫ్లాప్స్ (రెక్క వెనుక అంచున కిందికి దిగే పలకలు) దించేసి, వేగం పడిపోగానే సిమ్యులేటర్‌ను తప్పుపడుతున్నారు. ఫ్లాప్ దిగితే రెక్క వంపు పెరిగి లిఫ్ట్, అంటే విమానాన్ని పైకి ఎత్తే బలం, అధికమవుతుంది; స్టాల్ వేగం, అంటే విమానం గాలిలో నిలవడానికి కావలసిన కనీస వేగం, తగ్గుతుంది. కానీ దానితోపాటే డ్రాగ్ (వెనక్కి లాగే గాలి నిరోధం) కూడా పెరుగుతుంది, ముక్కు సమతూకం మారి ట్రిమ్ (ఆ సమతూకాన్ని నిలిపే అమరిక) సవరించుకోవలసి వస్తుంది. ఇరుకు మలుపు దక్కినా, ఆ తర్వాత పైకి లేవడానికి వేగం మిగలదు.

పైగా రెండో ప్రపంచ యుద్ధకాలపు విమానాలన్నిటికీ ఒకే పద్ధతి పనికిరాదు. అమెరికా పి-38 లైట్నింగ్‌కు గాలిపోరు కోసమే ఫ్లాప్స్‌ను కొంతమేరకు దించే అమరిక ఉండేది. జపాన్ షిడెన్-కాయ్‌లోనైతే పాదరసపు మానోమీటర్ (పీడనాన్ని కొలిచే పరికరం) సాయంతో అవి వాటంతటవే కదిలేవి, అది నిజంగా మెచ్చుకోదగ్గ ఆలోచన. బ్రిటన్ స్పిట్‌ఫైర్‌లో మాత్రం పూర్తిగా పైకి, లేదంటే పూర్తిగా కిందికి, అంతే. దాదాపు 85 డిగ్రీలు దిగే ఆ ఫ్లాప్స్ ల్యాండింగ్ కోసం పెట్టినవే. జర్మనీ మెస్సర్‌ష్మిట్ 109లో పైలట్ తన ఎడమ పక్కనున్న చక్రాన్ని చేత్తో తిప్పుతూ దించాలి. ఒక్క మీట నొక్కగానే ఫ్లాప్స్ దించేసే సిమ్యులేటర్ ఆ శ్రమను, ఆ సమయాన్ని దాచేస్తుంది.

మీ సాంకేతిక పేజీలో ఇలాంటి వివరాలకు చోటివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, హైదరాబాద్