పర్లాకిమిడిని నడిచి చూడాలి

సంపాదకుల వారికి, నమస్కారం.

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో మహేంద్రగిరి యాత్ర మీద వచ్చిన కథనం చదివాను. చదివిన రోజే రాద్దామనుకున్నాను, కోపం కాస్త తగ్గాక రాస్తున్నాను. కొండ గురించి బాగా రాశారు. 1,501 మీటర్ల ఎత్తు, పైన భీముడి గుడి, కుంతి గుడి, అన్నీ చెప్పారు. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దును ఆనుకుని ఉన్న మా ఊరికి మాత్రం దక్కింది ఒక్క వాక్యం. దారిలో పర్లాకిమిడిలో టిఫిన్ చేసి బయల్దేరవచ్చునట! ఈ ఊరికి ఇంతకంటే అవమానం ఏముంటుంది?

కారు అద్దంలోంచి చూస్తే ఏ ఊరైనా హోటళ్లు, సెల్ షాపులే. దిగి నడవాలి. స్టేషన్ దగ్గరే మొదలుపెట్టండి. రోజూ గుణుపూర్ బండి ఎక్కేవాళ్లలో ఎంతమందికి తెలుసు, ఈ లైను వేయించింది పర్లాకిమిడి రాజావారని? నౌపడా నుంచి ఇక్కడిదాకా రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద 1900లో చిన్న రైలు నడిచింది. 1931కి గుణుపూర్ చేరింది. 2004లో దాన్ని ఆపి, పట్టాలు మార్చి, 2011లో పెద్ద రైలు తెచ్చారు. పెద్ద రైలు రావలసిందే, ఎవరూ కాదనరు. కానీ బండి కోసం కాచుకునేవాడికి ఆ నూరేళ్ల కథ నాలుగు ముక్కల్లో చెప్పే పలక ఒకటి కంటికెదురుగా ఉండొద్దా?

అక్కడి నుంచి కోట వైపు రండి. చెన్నపట్నంలో యూనివర్సిటీ సెనేట్ హౌస్‌కు నమూనా గీసిన రాబర్ట్ చిషోమే మా రాజావారి కోటకూ నమూనా గీశాడు. 1937లో ఒడిశాకు తొలి ప్రధాని అయిన కృష్ణచంద్ర గజపతి ఇక్కడివాడే (అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధాని అనేవారు). 1992లో మా జిల్లాకు పెట్టింది ఆయన పేరే. ఊళ్లో కొమ్ము పనివాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల అరుగు దగ్గర ఓ పది నిమిషాలు నిలబడండి. కొమ్ముకు సెగ చూపి, మెత్తబడ్డాక సాగదీసి, ఆకురాయితో అరగదీస్తుంటే నల్లటి పొడి వాళ్ల మోకాళ్ల మీద రాలుతూ ఉంటుంది. చూస్తూండగానే కొంగ మెడ వంపు తేలుతుంది. పట్నం ఎగ్జిబిషన్లో అద్దాల పెట్టెలో పెట్టి వందలకు వందలు చెప్పే బొమ్మ ఇదే. దాన్ని చేసే చేతుల దగ్గరికి దారి చూపించే బాణం గుర్తు కూడా లేదు.

ఇక గిడుగు రామమూర్తి గారు. ఏటా ఆగస్టు 29న తెలుగువాళ్లందరూ ఆయన ఫొటోకు దండ వేస్తారు. ఆయన బతుకంతా గడిచిన వీధులు ఎలా ఉన్నాయో చూద్దామని ఎందరు వస్తున్నారు? 1880లో బడిపంతులుగా ఇక్కడ చేరాడాయన. తరవాత రాజావారి కాలేజీలో చదువు చెప్పాడు. ఇక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకోడానికి ఆ భాష మనిషినే ఇంట్లో పెట్టుకున్నాడు. వ్యాకరణం రాశాడు, నిఘంటువు కూర్చాడు, సవర పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు పెట్టాడు. వాడుక తెలుగు కోసం పండితులందరితో పెట్టుకున్న తగువంతా కూడా ఈ ఊళ్లో ఉండే నడిపాడు. మా బడి పిల్లల్ని అడిగి చూడండి, పుట్టిన తేదీ గడగడా అప్పజెబుతారు, ఆయన ఏ ఊళ్లో పాఠం చెప్పాడంటే నోళ్లు వెళ్లబెడతారు. పిల్లల్ని ఏమనగలం? పరీక్షలో రాని ప్రశ్న కోసం వాళ్లను బయటికి తీసుకెళ్లే తీరిక పంతుళ్లకు ఇవ్వడం లేదు. వాళ్లకు పెట్టే లెక్కలు, ఫారాలు, ఆన్‌లైన్ ఫొటోలతోనే పొద్దు గూకుతోంది.

అసలు బాధ ఇంకోటి ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా జమీందారీ రెండు ముక్కలైంది. ఊరు ఇటొచ్చింది, పాతపట్నం అటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయింది (ఇప్పుడది ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా). అది సహించలేకే గిడుగు వారు ముసలితనంలో ఇల్లు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఇన్నేళ్ల తరవాత కూడా ఇటు అధికారులు వేసే పటం మహేంద్రతనయ ఒడ్డున ఆగుతుంది, అటు వాళ్ల పటం అవతలి ఒడ్డున ఆగుతుంది. కోట ఇక్కడుంది, నీలమణి దుర్గమ్మ పాతపట్నంలో ఉంది, పాతకాలపు గాంగ రాజుల రాజధాని ముఖలింగం ఇంకాస్త దిగువన వంశధార ఒడ్డున ఉంది. గిడుగు వారు పుట్టిన పర్వతాలపేట ఆ ముఖలింగం పక్కదే. ఇదంతా ఒకే చరిత్ర. సంతకు పోయే ముసలమ్మ రోజూ వంతెన దాటి కాలినడకన అటూ ఇటూ తిరుగుతుంది. ఆఫీసర్లకే దాటడం రావడం లేదు.

ఈ మధ్య ఒక కార్యాలయానికి వెళ్లి, ఊళ్లో నడిచి చూసే చోట్లతో పటం ఏదైనా ఉందా అని అడిగాను. సొంత కారు ఉందా అని నన్నే ఎదురడిగారు. పైగా నడవడానికి చోటేదండీ? కాలవ మీద పలక ఉన్నచోట బండి నిలబెడతారు, పలక లేనిచోట మనిషి జాగ్రత్తగా దాటుకోవాలి. సుందరీకరణ అంటే రంగు దీపాలు పెట్టి, పక్కన సెల్ఫీ పాయింటు కట్టడమే అయిపోయింది. దానికి డబ్బు వస్తుంది, పాత పేర్లు రాసిన పలకకు రాదు.

మేం కోరేది పెద్ద ఖర్చు కాదు. స్టేషన్, కోట, కాలేజీ, కొమ్ము పనివాళ్ల వీధి, ఏటి ఒడ్డు. ఈ అయిదు చోట్లా ఒడియా, తెలుగు, ఇంగ్లీషుల్లో పలకలు పెట్టించాలి. ఆ దారి పొడుగునా కాలవలు మూయించాలి. పాతపట్నం, ముఖలింగం పేర్లు కూడా అదే పటంలో ఉండాలి, అందుకు రెండు జిల్లాల అధికారులూ ఒక్కసారి కలిసి కూర్చుంటే చాలు. వచ్చే ఆగస్టు 29 లోపు ఆ పని మొదలుపెట్టించేలా మీ పత్రిక అడగాలి. పిల్లలకు దారి చూపించి కథ చెప్పడానికి నాలాంటి రిటైరయిన పంతుళ్లం పైసా తీసుకోకుండా సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా